ప్రధానం జరిగిన జంట, భయపడిన కాపరి

నవల అనగానే మన సంఘాలలో పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. అందులోనూ ఆర్.సి.ఎం. వారి నవల అంటే ఇక చెప్పనక్కరలేదు. అయినా ఈ నెల అటువంటి పుస్తకాన్నే మన కుటుంబాలవారికి పరిచయం చేస్తున్నాను. ఇటలీ దేశంలోని మిలాను పట్టణస్థుడు అలెస్సాండ్రో మన్‌జోని (1785–1873) దీనిని 1827లో ప్రచురించి, భాషను సరిచేసి 1840–42లో మరల వెలువరించాడు. ఆయన భార్య హెన్రియెట్ కాల్విను బోధను అనుసరించే ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టి, 1810లో కతోలిక సంఘంలో చేరింది. పుస్తకం పేరు 'ఇ ప్రొమెస్సీ స్పోజీ'. మన క్రైస్తవుల మాటలో చెప్పాలంటే 'ప్రధానం జరిగిన జంట'.

ఆ జంట బీదవారు. రెంజో పట్టునూలు తీసే పనివాడు. లూచియా తల్లి చాటున పెరిగిన పల్లెపడుచు. కోమో సరస్సు దగ్గర వారి ఊరు. తెల్లవారితే పెండ్లి. 1628 నవంబరు 7 సాయంకాలం ఆ ఊరి గురువు దోన్ అబ్బొందియో ప్రార్థన పుస్తకం చదువుకుంటూ ఇంటికి నడిచి వస్తుండగా, దారి చీలే చోట ఆయుధాలు ధరించిన ఇద్దరు అడ్డం నిలిచారు. దోన్ రోద్రిగో అనే దొర పంపిన మనుషులు. ఈ పెండ్లి రేపే కాదు, ఎన్నటికీ జరగకూడదని, జరిపిస్తే ప్రాణం దక్కదని చెప్పారు. దొర కన్ను ఆ పిల్ల మీద పడింది. ఆమె విషయమై తన బంధువుతో పందెం కూడా కాశాడు!

గురువు దుర్మార్గుడు కాడు. ఇది గమనించాలి. బలవంతుల జోలికి పోకుండా కాలం వెళ్ళబుచ్చుదామనుకునే మనిషి, అంతే. మర్నాడు రెంజో వస్తే, అతనికి అర్థం కాని లాటిను మాటలలో ఏవో అడ్డంకులు ఏకరువు పెట్టి పంపివేస్తాడు. ఆయన ఇంట పనిచేసే పెర్పెతువా, పైనున్న ఆర్చిబిషప్పు గారికి ఉత్తరం వ్రాయమని మంచి సలహాయే ఇచ్చింది. ఆయన చెవిని పెట్టలేదు.

రెంజో ప్లీడరు దగ్గరకు పోతాడు. వట్టి చేతులతో పోకూడదని కాబోయే అత్తగారు నాలుగు కోళ్ళను ఇచ్చింది. కాళ్ళు కట్టి తలక్రిందులుగా పట్టుకుని నడుస్తుంటే, ఆ కష్టంలో కూడా అవి ఒకదానినొకటి పొడుచుకుంటాయి. గుడివాడ, బందరు కోర్టుల చుట్టూ తిరిగినవారికి ఈ ఘట్టం చదివితే నవ్వూ వస్తుంది, కడుపూ మండుతుంది. దొర పేరు వినగానే ప్లీడరు కోళ్ళను వాపసు ఇచ్చి మరీ గెంటివేశాడు.

మన పల్లెలలో ఇటువంటివి జరగవా? మూడు ఆదివారాలు చదవవలసిన పెండ్లి ప్రకటన మొదటి వారంతోనే ఆగిపోవడం మీరు ఎరుగరా? పిల్లవాడిది ఫలానా కులమట, పెద్దమనిషి కబురు పంపాడట. అప్పుడు కాపరి లాటిను మాట్లాడడు. "కమిటీలో పెట్టాలమ్మా", "బాప్తిస్మపు సర్టిఫికెట్టు రావాలి గదయ్యా" అంటాడు. వినే తల్లిదండ్రులకు అదీ లాటినే.

దీనికి ఎదురైన సంగతి ఒకటి మన బందరులోనే జరిగింది. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో బడి తెరిచారు. 1852లో ఆయన విద్యార్థులు మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మము కోరి ఆయన ఇంటికి చేరినప్పుడు జనం ఇంటి మీదికి వచ్చారు. తొమ్మిదేండ్ల కష్టంతో నిలబెట్టిన బడి దాదాపు ఖాళీ అయింది. ఆయన వారిని పంపివేయలేదు. మరల స్వదేశం చూడకుండానే 1865లో బందరులో కన్నుమూశారు.

నవలలో దోన్ అబ్బొందియోను నిలదీసేవాడు కార్డినలు ఫెదెరీగో బొర్రొమేయో. ఈయన చరిత్రలో నిజంగా మిలాను ఆర్చిబిషప్పుగా ఉన్న వ్యక్తి. ధైర్యం పుట్టుకతో లేనివాడు ఏం చేయగలడని గురువు సణుగుతాడు. కార్డినలు జవాబులో నన్ను తాకినది ఇది: నీకు అప్పగించబడిన ఆ పిల్లలను ప్రేమించి ఉంటే, భయపడినా ఊరుకోలేకపోయేవాడివి, వారిని తప్పించే దారి ఏదో ఒకటి వెదకి ఉండేవాడివి అన్నది ఆయన భావం. యోహాను సువార్త 10వ అధ్యాయంలోని జీతగాడిని గూర్చి నేను విన్న ప్రసంగాలలో ఇంత సూటిగా గుచ్చినది లేదు.

అలా ప్రేమించినవాడు ఫాదర్ క్రిస్టోఫరో. యౌవనంలో ఆయన పేరు లొడోవీకో. వీధిలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్న పంతం మీద జగడమై, తనను కాపాడబోయిన ముసలి సేవకుడు కూలాడు; తాను ఒక దొరను చంపాడు. మఠంలో చేరి ఆ సేవకుని పేరే పెట్టుకున్నాడు. చచ్చినవాని అన్న కాళ్ళ మీద పడి క్షమాపణ వేడుకుని, గుర్తుగా ఒక రొట్టె అడిగి తీసుకున్నాడు. అందులో ఒక ముక్క జీవితాంతం దాచుకున్నాడు. లూచియా కోసం దోన్ రోద్రిగో ఇంటికే వెళ్ళి ఎదిరిస్తే, పలుకుబడిగలవారు ఆయనను దూరాన ఉన్న రిమినికి బదిలీ చేయించారు.

ఎత్తుకుపోబడిన రాత్రి లూచియా, ప్రాణమానాలు దక్కితే పెండ్లి చేసుకోనని మరియమ్మకు మ్రొక్కుకుంటుంది. ఆ మ్రొక్కుబడి మనకు సమ్మతం కాదు. అయితే క్రిస్టోఫరో ఆమెను విడిపించేటప్పుడు చూపిన కారణం ఏ సంఘంవారైనా ఆలోచించదగినది. ఇదివరకే మరొకరికి మాట ఇచ్చినదానివి, అతని పాలు కూడా కలిపి దేవునికి ఎలా అర్పిస్తావు అన్నది ఆయన తర్కం. ఉపవాస కూటాలు, కన్వెన్షన్లు అంటూ ఇంటిల్లిపాదినీ ఆకలికి వదిలి తిరిగేవారున్నారు. వారికి ఈ పుటలు చదివి వినిపించాలి.

1630లో మిలానుకు ప్లేగు వచ్చింది. ఎవరో గోడలకు విషం పూస్తున్నారని వదంతి పుట్టింది. పియాత్సా, మోరా అనే నిరపరాధులను చిత్రహింసలు పెట్టి చంపారు. మన్‌జోని దీనిమీద వేరే చిన్న పుస్తకమే వ్రాసి, ఆ న్యాయాధిపతులు కాలాన్ని నెపం చేసి తప్పించుకోలేరని, నిజం తెలుసుకునే అవకాశం వారికి ఉన్నదని చూపించాడు. చేతబడి చేసిందని ఒక ముసలమ్మను చెట్టుకు కట్టే ఊళ్ళకు ఇది పాతకథ కాదు.

క్రిస్టోఫరో తనను ఆ రోగుల ఆవరణకు పంపమని అడిగి మరీ వచ్చాడు. అప్పటికే శరీరం శిథిలమైంది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో, సొర్లగొంది వైపు బురదలో శవాలు ఎత్తినవారిని తలచుకునేవారికి ఈ భాగం కొత్తగా ఉండదు. అక్కడ నీది ఏ సంఘమని ఎవరు అడిగారు? పగతో ఊగిపోతున్న రెంజోను క్రిస్టోఫరో గద్దించి, తెలివి లేక పడి ఉన్న దోన్ రోద్రిగో ప్రక్కకు తీసుకువెళ్ళి ప్రార్థన చేయించాడు. మిగిలిన రొట్టె ముక్కను, మీ పిల్లలకు చూపించమని ఆ జంటకు అప్పగించాడు. ఆయన కూడా ఆ తెగులుతోనే పోయాడు.

పెర్పెతువానూ ప్లేగు తీసుకుపోయింది. దోన్ అబ్బొందియో మాత్రం బ్రతికాడు. రెంజో వచ్చి దొర సంగతి చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ ఆస్తికి వారసుడైన మార్కీసు స్వయంగా ఊళ్ళోకి వచ్చి, దోన్ రోద్రిగో చనిపోయాడని రూఢి అయిన పిమ్మట, రెండేండ్లు ఆలస్యంగా, ఆయనే సంతోషంగా ఆ పెండ్లి జరిపించాడు.