స్టార్టరు పడితే తొందరపడొద్దు

ఎల్లారెడ్డి: మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు ఎక్కని మెట్ట ఊళ్లలో వరి మడికి బోరే దిక్కు. నాట్లేసిన వారానికే మా స్టార్టరు పదేపదే పడింది. మడి ఎండుతుందన్న తొందరలో రిలేను తప్పించి నేరుగా తీగ కలిపాను. సాయంత్రానికి మోటారు కాలింది. ఒక ఫేజు పోయిందని తర్వాత తెలిసింది. అప్పుడు భారం మిగతా రెండింటిపై పడి వైండింగు కాలుతుంది. పైపులు లేపి, రివైండింగు చేయించి, మళ్లీ దించేసరికి వారం పట్టింది. మడి నెర్రెలు బారింది.

రైతు సోదరులారా! స్టార్టరు రెండుసార్లు పడితే మూడోసారి నొక్కకండి. మూడు ఫేజులూ ఉన్నాయా, వోల్టేజి సరిపోతుందా, బోరులో నీరుందా చూడండి. రిలేను మోటారు పలకపై ఉన్న ఆంపియర్లకే అమర్చండి. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతే లైన్‌మన్‌నే పిలవండి. మోటారు పోతే మళ్లీ కొనవచ్చు, ప్రాణం కొనలేం.