వెన్న కరిగేదాకా దక్షిణానికి...



కాపురం గుంటూరులోనే అయినా, మిరపకోతల రోజుల్లో మేము అత్తవారి ఊరు వెళ్ళక తప్పదు. క్రిందటి మార్చిలో అలాగే వెళ్ళి, కళ్ళంలో కాయలు ఎండబోయించి మబ్బుకేసి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు విశాఖపట్నం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటోంది. ఎన్.సి.సి. నౌకాదళ విభాగంలో చేరింది కూడా.

"అమ్మా, తెరచాప పడవల శిక్షణకి నన్ను ఎంపిక చేశారు. ఇంట్లో ఒప్పుకున్నట్టు సంతకం కావాలి" అంది.

మావారు ఎప్పటిలాగే "మీ అమ్మ నడుగు" అని తప్పుకున్నారు. మా అత్తగారు "ఆడపిల్లకి సముద్రం మీద ఏం పనే?" అన్నారు. నేను మాత్రం "చూద్దాంలే" అన్నాను. మన ఇళ్ళల్లో 'చూద్దాంలే' అంటే 'వద్దు' అని అర్థం. అది మీకూ తెలుసు, మీ పిల్లలకూ తెలుసు. అమ్మాయి ఇంకేం మాట్లాడకుండా ఫోను పెట్టేసింది. ఆ మౌనం నన్ను నిద్రపోనివ్వలేదు. చూద్దామన్నాను గదా, నిజంగానే చూద్దామని తెలిసినవాళ్ళని అడిగాను, చదివాను. ఆ తెలుసుకున్నదే ఈ వేళ మీతో చెప్పాలని వచ్చాను.

తెరచాప పడవ మనకి కొత్తేమీ కాదు. కొమ్మమూరు కాలువలోనూ, పెదగంజాం దగ్గర మొదలై దక్షిణంగా పోయే బకింగ్‌హాం కాలువలోనూ సరుకు పడవలు చాపలెత్తి నడిచేవని మా అమ్మమ్మ చెప్పేది. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారట.

మరి ఎదురుగాలి వీస్తే పడవ ఎలా వెళుతుంది? ఇది నాకూ చాలాకాలం అర్థం కాలేదు. తడిచేతి వేళ్ళ మధ్య చింతగింజ పెట్టి నొక్కండి. నొక్కుడు రెండు పక్కల నుంచీ వచ్చినా గింజ మాత్రం ముందుకు ఎగిరిపోతుంది. పడవా అంతే. పైన చాప మీద గాలి ఒక పక్కకి తోస్తుంది. అడుగున నీళ్ళలోకి దిగి ఉన్న బరువైన పలక పక్కకి జరగనివ్వదు. ఆ రెంటి మధ్యా నలిగి పడవ ముందుకు సాగుతుంది. అయినా గాలికి తిన్నగా ఎదురు వెళ్ళలేదు. తిరుమల ఘాట్ రోడ్డులాగా ఇటు కొంత, అటు కొంత మలుపులు తిరుగుతూ పోవాలి. గాలివాటు చూసి ధాన్యం తూర్పారబట్టిన మన పెద్దవాళ్ళకి ఈ విద్య నేర్పడం పెద్ద కష్టం కాకపోను.

ఇలాంటి పడవల్లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటే పందాలున్నాయి. 1960లో ఇంగ్లండులోని ప్లిమత్ నుంచి న్యూయార్కుకి, పడవకి ఒక్క మనిషి చొప్పున అయిదుగురు బయలుదేరారు. ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆయన 40 రోజుల్లో చేరి గెలిచాడు. అప్పటికి ఆయన వయస్సు 58 ఏళ్ళు. అంతకు రెండేళ్ళ క్రితమే ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడితే, భార్య షీలా పథ్యపానాలతో నిలబెట్టుకుంది. గెలిచినవాడి వెనుక వంటింటి ప్రజ్ఞ కూడా ఉందన్నమాట!

అంతటి మొనగాళ్ళకే గాక మామూలు సంసారులకీ ఒక పోటీ ఉంది. దాన్ని ఆర్క్ అంటారు. 1986లో జిమ్మీ కార్నెల్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఆ మొదటి ఏడాదే 200 పడవలకు పైగా వచ్చాయి. ఏటా నవంబరులో స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవు నుంచి బయలుదేరి, అట్లాంటిక్ దాటి, కరిబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా ద్వీపం చేరతాయి. దూరం 2,700 నాటికల్ మైళ్ళు, అంటే మన లెక్కలో 5,000 కిలోమీటర్లు. పడవ నడక గంటకు సుమారు 10 కిలోమీటర్లు, సైకిలు వేగం అనుకోండి. కాకపోతే రాత్రీ పగలూ ఆగదు. మూడు వారాలు పడుతుంది. ఉద్యోగాలు మానుకుని వచ్చే భార్యాభర్తలూ, పిల్లల్ని వెంటపెట్టుకుని వచ్చే కుటుంబాలూ, రిటైరైన పెద్దవాళ్ళూ ఇందులో ఉంటారు.

నవంబరే ఎందుకంటే, అట్లాంటిక్‌లో తుఫానుల కాలం ఆ నెలతో ముగుస్తుంది. ఆ తరువాత ఈశాన్యం నుంచి నిలకడగా వీచే గాలి వెనుక నుంచి తోస్తుంది. ఆ గాలిని అందుకునేందుకు పాత నావికులకు ఒక సామెత ఉంది: వెన్న కరిగేదాకా దక్షిణానికి పోయి, అప్పుడు పడమటికి తిరగమని. దిక్సూచి కంటే వెన్నగిన్నెను నమ్మినవాళ్ళంటే నాకు వెంటనే గౌరవం కలిగింది.

పడవలో కాపురం ఎలా ఉంటుందో చెప్పాలి. వంతులవారీగా మేలుకోవాలి. మూడు నాలుగు గంటలు కాపలా, తరువాత నిద్ర. పొయ్యిని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఒరిగినా ఉయ్యాల గిన్నెలాగా పొయ్యి సమంగానే నిలుస్తుంది. మంచినీళ్ళు కొలిచి వాడుకోవాలి. కూరగాయలు వారం పదిరోజుల్లో వాడిపోతాయి. మన కందిపొడి, ఊరుమిరపకాయలు, వడియాలు ఇలాంటి ప్రయాణాల కోసమే పుట్టాయేమో ననిపించింది నాకు.

ఇక పడవలు రేవు చేరే సంబరం. మొదటి పడవ ఒకనాడు వస్తే, ఆఖరిది చాలా రోజుల తరువాత వస్తుంది. ఏది అర్ధరాత్రి చేరుతుందో, ఏది మిట్టమధ్యాహ్నం చేరుతుందో చెప్పలేం. ఏ వేళ వచ్చినా సరే, ఒడ్డున మనుషులు నిలబడి పళ్ళూ పానీయాలూ అందిస్తారు. ముందు చేరినవాళ్ళు ఆఖరువాళ్ళ కోసం బూరాలూదుతారు. పడవకి అమర్చిన పరికరం ఉపగ్రహం ద్వారా తానెక్కడున్నదీ చెబుతుంది కాబట్టి, ఇంటి దగ్గరివాళ్ళు ఫోనులో ఒక చుక్క కదలడం చూస్తూ ఉంటారు. ఆ చుక్క కాసేపు కదలకపోతే కన్నతల్లి గుండె కదులుతుంది. ఏ దేశమైనా అంతే.

"అవన్నీ దొరల ముచ్చట్లు" అంటారేమో. అక్కడికే వస్తున్నాను. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే 56 అడుగుల తెరచాప పడవ భూమిని చుట్టి రావడానికి బయలుదేరింది. అందులో ఉన్న ఆరుగురూ మన నౌకాదళపు ఆడపిల్లలే. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగింటి ఆడపడుచులు: విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. పడవ గోవాలోనే కట్టినది. ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు దిలీప్ దోండే వాళ్ళకి గురువు. న్యూజిలాండు నుంచి ఫాక్‌లాండ్ దీవులకు పసిఫిక్ దాటడానికి 41 రోజులు పట్టింది. నావికులకి సింహస్వప్నమైన కేప్ హార్న్‌ని 2018 జనవరిలో చుట్టారు. తరువాత దక్షిణ అట్లాంటిక్ దాటి మార్చిలో కేప్ టౌన్ చేరారు. చివరి దశలో చుక్కాని యంత్రాంగం మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. 2018 మే 21న, 254 రోజుల తరువాత, గోవా చేరారు. అప్పటి రక్షణమంత్రి, మన తెలుగింటి కోడలు నిర్మలా సీతారామన్ స్వయంగా ఎదురేగి స్వాగతం చెప్పారు.

అదే తారిణి 2023 జనవరిలో కేప్ టౌన్ నుంచి బ్రెజిల్‌లోని రియో దాకా జరిగే అట్లాంటిక్ పందెంలో పాల్గొంది. సిబ్బందిలో ఇద్దరు స్త్రీలు, దిల్నా, రూప. ఆ ఇద్దరే 2024 అక్టోబరులో మళ్ళీ తారిణి ఎక్కి, ఇంకెవరి తోడూ లేకుండా భూమి చుట్టి 2025 మే నెలలో తిరిగి వచ్చారు.

ప్రమాదం లేదని నేననను. మన అభిలాష్ టామీ 2018లో ఒంటరి పందెంలో ఉండగా హిందూ మహాసముద్రంలో తుఫానుకి స్తంభం విరిగి, నడుముకి దెబ్బ తగిలి కదలలేకపోతే ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. ఆయనే 2023లో అదే పందెంలో రెండవవాడుగా నిలిచాడు. మొదట వచ్చినది కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్ అనే దక్షిణాఫ్రికా స్త్రీ. దారిలో తోటి పోటీదారు పడవ మునిగిపోతే, ఆమె పందెం పక్కనబెట్టి వెళ్ళి అతణ్ణి కాపాడింది. అయినా గెలిచింది.

ఇది చదివినప్పుడు నాకు మన చీరాలకు దగ్గరి మోటుపల్లి గుర్తుకు వచ్చింది. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకి కొట్టుకువచ్చి పగిలిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. ఇకమీదట సుంకం తప్ప మరేమీ తీసుకోమని, వారి సొత్తు వారిదేనని ఆ రాజు మాట ఇచ్చాడు. సముద్రం మీద ఆపదలో ఉన్నవాణ్ణి ఆదుకోవాలన్న ధర్మం మన రేవులో ఏనాడో రాతి మీద చెక్కి ఉంది.

సరే, మా ఇంటి సంగతి. సంతకం పెట్టేముందు నేను మా అమ్మాయిని నాలుగు ప్రశ్నలడిగాను. మీ ఇంట్లో ఇలాంటి మాట వస్తే మీరూ అడగండి. ఈత పరీక్ష పెట్టారా? గాలి నింపినదో, తేలేదో, రక్షణ జాకెట్టు ప్రతి పిల్లకీ సరిపడేది ఇస్తారా? వెంట మోటారు పడవ ఉంటుందా? గాలి పెరిగితే వెనక్కి రమ్మనే అధికారం ఎవరిది? అన్నింటికీ దాని దగ్గర సమాధానాలున్నాయి. అయిదో ప్రశ్న నన్ను నేనే వేసుకున్నాను: నేను కాపాడుతున్నది పిల్లనా, నా నిద్రనా? దానికి జవాబు చెప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

శిక్షణ ఆఖరిరోజున అత్తగారిని తీసుకుని విశాఖ వెళ్ళాను. సాయంత్రం ఒడ్డున నిలబడ్డాం. దూరాన తెల్లని చాపలు, అరచేతిలో పత్తికాయ పగిలినంత. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మా పిల్ల ఏ పడవలో ఉందో ఆనవాలు తెలియలేదు. నేను చెయ్యి ఊపాలా వద్దా అని చూస్తూండగా, మా అత్తగారు కొంగు తీసి అన్నింటికీ కలిపి ఊపడం మొదలుపెట్టారు. "ఎవరి పిల్లలైతేనేమే అమ్మాయ్, ఒడ్డుకి వస్తున్నారుగా" అన్నారు.

ఈసారి మీ పిల్లలు ఏదైనా అడిగినప్పుడు 'చూద్దాంలే' అంటే, దయచేసి నిజంగానే చూడండి. చూసిన తరువాత వద్దన్నా తప్పులేదు.