నాడి లయ తప్పితే అశ్రద్ధ చేయవద్దు

మిరప కోతల రోజుల్లో ప్రత్తిపాడు చుట్టుప్రక్కల పొలాలనుండి ఇల్లు చేరిన తల్లి “గుండె దడగా ఉంది” అంటే, ఎండదెబ్బ అనో నీరసమనో ఇంటివారు సరిపెట్టుకుంటారు. మజ్జిగ త్రాగి పడుకుంటే ఆ దడ తగ్గవచ్చును. అయినను, ప్రియ పాఠకులారా, మాటిమాటికి వచ్చే దడను తేలికగా తీసుకొనరాదు.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె సాధారణంగా నిమిషానికి 60 నుండి 100 సార్లు సమంగా కొట్టుకొంటుంది. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్లుండడం చాలామందిలో హానిలేనిదే. కాని కొందరిలో గుండె పై గదులు లయ తప్పి వణకుతుంటాయి. దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బుగలవారికి ఆ ప్రమాదం ఇతరులకంటె సుమారు 5 రెట్లు ఎక్కువ. కొందరికి ఏ బాధా తెలియదు. పక్షవాతమే మొదటి గుర్తు అవుతుంది.

పెద్ద వయస్సు, రక్తపోటు, మధుమేహం, థైరాయిడ్ జబ్బు, మద్యపానం దీనికి కారణాలు. మన దేశంలో మరొకటి కూడ ఉంది. చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చే కీళ్ళవాత జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది. గనుక పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించవలెను.

ఇంట్లో పెద్దల నాడిని మీరే చూడవచ్చు. మణికట్టుపై బొటనవ్రేలి మొదలు దిగువన మూడు వ్రేళ్ళు ఆనించి, నిండు నిమిషం లెక్కించండి. దెబ్బలు ఒక వరుసలేకుండా ఉంటే ఇ.సి.జి. తీయించండి. దడ లేనప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉండవచ్చు గనుక, దడ మళ్ళీ వస్తే మళ్ళీ వెళ్ళండి. సర్కారు ఆసుపత్రి అని వెనుకాడవద్దు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో 2016లో గుండె మార్పిడి చికిత్సే జరిగింది.

రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే మాత్రలను బాగున్నామని మానరాదు. కీళ్ళవాత గుండెజబ్బుతో లయ తప్పినవారికి క్రొత్త మందుకంటె పాత వార్ఫరిన్ వంటి మాత్రలే మేలని 2022లో వెలువడిన ఇన్‌విక్టస్ పరిశోధన తేల్చింది. వార్ఫరిన్ వాడేవారు క్రమంగా రక్తపరీక్ష చేయించుకోవలెను. అడగకుండ నొప్పిమాత్రలు, నాటుమందులు కలిపితే రక్తస్రావం కావచ్చు.

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే సూదిమందు పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పసరు వైద్యానికి తిరిగితే ఆ సమయం మరల రాదు.