కెమెరా కదిలినా కోట కదలరాదు

తెరమీద కోటను చూసి ముచ్చటపడటం వేరు, ఆ కోట అక్కడ ఎలా నిలబడిందో తెలుసుకోవడం వేరు. కోట కట్టకుండానే కోటను చూపించే ఏర్పాటును ఈనాడు వర్చువల్ స్టూడియో అంటున్నారు. నటుడు నిజం, అతని కాలికింది నేల నిజం. వెనుక ఉన్న కోట మాత్రం కంప్యూటర్ గీసిన బొమ్మ. మన హైదరాబాదులోనే అన్నపూర్ణ స్టూడియోస్ వారు క్యూబ్ సినిమా సంస్థతో కలిసి ఇలాంటి వేదికను నెలకొల్పారు. ఇందులోని శాస్త్రం బి.ఎస్సీ. విద్యార్థికి అందనిదేమీ కాదు.

1957లో ‘మాయాబజార్’కు మార్కస్ బార్ట్లే, 1961లో ‘సీతారామ కల్యాణం’కు రవికాంత్ నగాయిచ్ ఛాయాగ్రహణం చేశారు. ఫిల్ములో కొంత భాగాన్ని మూసి, మిగతా భాగంపై చిత్రించి, మళ్ళీ వెనక్కి తిప్పి మూసిన భాగంపై చిత్రించడం ఆనాటి మాస్కు పద్ధతి. అందులో కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఇప్పుడో, కెమెరా స్వేచ్ఛగా తిరగాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

బౌద్ధనగర్ నుంచి క్యాంపస్‌కు నడిచి వస్తుంటే దారిపక్క చెట్లు గబగబా వెనక్కి పోతాయి, దూరాన ఉన్న కట్టడాలు మెల్లగా జరుగుతాయి. మన కన్ను దూరాన్ని పోల్చుకునే తీరుల్లో ఇదొకటి. బొమ్మ కోట కూడా ఇలాగే జరగాలంటే, కెమెరా ఏ క్షణాన ఎక్కడుందో, ఎటు చూస్తోందో కంప్యూటర్‌కు తెలియాలి. ఆ సంగతి చెప్పే పరికరమే ట్రాకర్. దాని లెక్క తప్పిందా, నటుడు మంచుమీద జారుతున్నట్టు కనబడతాడు!

తప్పు ఎక్కడుందో పట్టడానికి నాలుగు పరీక్షలున్నాయి.

మొదటిది కాలం. కెమెరాను చప్పున కదిపి ఆపాలి. కదిలేటప్పుడు మాత్రమే తేడా వచ్చి, ఆగగానే కుదురుకుంటే అది ఆలస్యం వల్ల వచ్చిన దోషం. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్క ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కెమెరా సెకనుకు అర మీటరు జరుగుతుంటే, ఒక్క ఫ్రేము ఆలస్యానికి 2 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పచ్చ తెర పద్ధతిలో రెండు చిత్రాల్లో ముందొచ్చినదాన్ని కాస్త ఆపి కలుపుకోవచ్చు. ఎల్.ఇ.డి. గోడ ముందు ఆ వీలు లేదు. నటుడూ గోడా ఒకేసారి చిత్రంలో పడిపోతారు గదా!

రెండోది ట్రాకరుకూ లెన్సుకూ నడుమ దూరం. ట్రాకరును లెన్సుకు కొంత ఎడంగా బిగిస్తారు. ఆ ఎడం కంప్యూటర్‌కు సరిగా చెప్పకపోతే, కెమెరాను ఉన్నచోటే పక్కకు తిప్పినా అది నడిచిందనుకుంటుంది. అప్పుడు దగ్గరి వస్తువులు ఎక్కువగా, దూరపువి తక్కువగా జారతాయి.

మూడోది మట్టం. నేలమీద టేపు పరచి కెమెరాను 3 మీటర్లు తిన్నగా జరపాలి. కంప్యూటర్ కూడా 3 మీటర్లే చూపాలి, ఎత్తు మారకూడదు. మట్టం ఒక్క డిగ్రీ వాలితే ఆ దూరానికే ఎత్తులో 5 సెంటీమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది.

నాలుగోది లెన్సు. నడుమ బొమ్మ సరిపోయి అంచుల్లో తేడా వస్తే, ఆ లెన్సు వంపును సరిగా కొలవలేదన్నమాట. లెన్సు మార్చినప్పుడల్లా దాని కొలత కూడా మార్చాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒకేసారి రెండు సవరణలు చేయరాదు. స్థానంలో ఉన్న తప్పును కోణంలో ఉన్న తప్పు కప్పిపుచ్చగలదు. కెమెరా నిలబెట్టిన చోటు నుంచి అంతా సవ్యంగానే ఉంటుంది. రెండడుగులు జరపగానే బండారం బయటపడుతుంది. మాది వ్యవసాయ కుటుంబం. పొలం హద్దు తేల్చేటప్పుడు ఒక్క రాయి దగ్గర నిలబడి కొలిచిన కొలతను మా ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. రెండో రాయి నుంచి కూడా కొలవాల్సిందే. స్టూడియోలోనూ అదే న్యాయం: ఒక్కచోట కుదిరింది కుదిరినట్టు కాదు.

ఇది తీరిక కబురు కాదు. స్టూడియోలో ఒక గంట వృథా అయితే లైట్ల దగ్గర, సెట్టు దగ్గర పనిచేసేవాళ్ళంతా ఆ గంట నిలబడిపోతారు; పొద్దుగూకినా పని మిగులుతుంది. గాభరాలో తలా ఒక మీట తిప్పితే, ఉన్న తప్పుకు నాలుగు కొత్తవి తోడవుతాయి. ఓపికగా ఒక్కొక్కటి తేల్చేవాడు పదిమంది శ్రమను కాపాడినవాడవుతాడు.

సైన్సు చదివితే ఉపాధ్యాయుడో గుమాస్తానో కావాలన్న మాట మన హాస్టళ్ళలో ఇంకా వినబడుతూనే ఉంది. నిరూపక జ్యామితి, దృశాశాస్త్రం పరీక్షకు మాత్రమే పనికొస్తాయనుకునే మిత్రులు ఈ రంగం వైపు కూడా ఒకసారి చూడాలి. అక్కడ అవసరమైనది మనం రోజూ ల్యాబులో నేర్చుకుంటున్నదే: ఒకటి మార్చు, మిగతావి కదపకు, వచ్చింది రాసుకో.