పాఠం 12: పాత ఇంటి వస్తువులకు లెక్క

ఈ పాఠం చదివిన తరువాత మీరు పాత ఇంటిలోని గడియారాలు, అలంకార వస్తువుల వివరాలు ఎందుకు రాయాలో, ఎలా రాయాలో చెప్పగలుగుతారు.

12.1 రాత విలువ

పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్ళె (1709–1761) భవనం నేటికీ ఉంది. ఆయన ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీ. కస్తూరి రంగకవి తెలుగులో రచించిన ‘ఆనందరంగ రాట్ఛందము’ ఈయనకే అంకితం. పిళ్ళె 1736 నుంచి తమిళంలో దినచర్య రాశారు. అందుకే ఆనాటి పుదుచ్చేరి జీవితం మనకు తెలుస్తోంది. వస్తువుల విషయమూ అంతే. ఇంటి పెద్దకు మాత్రమే తెలిసిన సంగతులు ఆయనతోనే పోతాయి.

మూడవ సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా మరణించారు. హైదరాబాదులో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో 1951 డిసెంబరు 16న మ్యూజియం ప్రారంభమైంది. 1968లో అది కొత్త భవనానికి మారింది. అక్కడి ‘కుక్ అండ్ కెల్వీ’ సంగీత గడియారం ప్రసిద్ధమైనది. ఇన్ని వస్తువులను ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చినప్పుడు ఏది ఎక్కడ ఉందో చెప్పేది జాబితాయే.

12.2 నమోదు చేసే విధానం

1. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యను మరొక వస్తువుకు ఇవ్వకూడదు. గడియారం 12 అయితే లోలకం 12/1, తాళంచెవి 12/2 అవుతాయి. విడిభాగాలే తరచుగా పోతుంటాయి.

2. పేరు, పదార్థం, కొలతలు, డయల్‌పై ఉన్న అక్షరాలు రాయండి. పగులు, సొట్ట, అతుకు వంటి గుర్తులు తప్పక రాయండి. ఒకే రకం గడియారాలు అనేకం ఉండవచ్చు, కాని ఒకే పగులు రెండింటికి ఉండదు.

3. ముందు, వెనుక, గుర్తుల ఫోటోలు తీయండి.

4. ‘తాతగారు కొన్నారట’ వంటి విన్నమాటను, రసీదు వంటి ఆధారాన్ని వేరువేరుగా రాయండి.

5. గది, అలమర పేరు రాయండి. వస్తువు మరమ్మతుకు వెళితే తేదీ, తీసుకున్నవారి సంతకం ఉండాలి.

సంఖ్యను వస్తువుపై చెక్కకండి. నూలుదారంతో చీటీ కట్టండి. తీగ గీతలు పెడుతుంది. పుదుచ్చేరి సముద్రతీర పట్టణం. తేమ వల్ల ఉక్కు స్ప్రింగులు తుప్పు పడతాయి, కొయ్య ఉబ్బుతుంది. అందువల్ల ఏటా జాబితాతో సరిచూసి, వస్తువు స్థితిని కూడా రాయండి. జాబితా నకలు మరొక ఇంట్లో ఉంచండి.

12.3 చట్టం

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976లో అమలులోకి వచ్చింది. నూరేళ్ళు దాటిన కళాకృతులు, పనితనం గల వస్తువులు దీని పరిధిలోకి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. వస్తువు దొంగతనమైతే అది మీదేనని రుజువు చేయడానికి ఫోటో, కొలతలు, గుర్తులే సాక్ష్యం. అవి లేకపోతే దొరికిన వస్తువును కూడా గుర్తించలేరు.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. తాళంచెవికి వేరే సంఖ్య ఎందుకు?
2. విన్నమాటను, ఆధారాన్ని కలిపి రాస్తే వచ్చే చిక్కు ఏమిటి?
3. మీ ఇంట్లోని ఒక పాత వస్తువుకు పైవిధంగా వివరాలు రాయండి.