అణు వ్యర్థాల గాజు: ఎంత మెల్లగా చల్లారాలి?

మన ఖాజాగూడ గుట్టల గ్రానైట్‌ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తెల్లవి, గులాబీవి, నల్లవి గింజల్లా కనిపిస్తాయి కదా, అవి స్ఫటికాలు. దాదాపు 250 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారింది, అందుకే అణువులకి వరసలు కట్టే టైమ్ దొరికింది. అలాంటి ద్రవమే బయటికొచ్చి గబగబా చల్లారితే అబ్సిడియన్ అనే నల్ల గాజు అవుతుంది.

అణు వ్యర్థాల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే ఇంధనం రియాక్టర్లకి వెళ్తుంది. వాడిన ఇంధనాన్ని రీప్రాసెస్ చేస్తే సీజియం, స్ట్రాన్షియం లాంటివి ఉన్న ప్రమాదకరమైన ద్రవం మిగులుతుంది. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం ప్లాంట్లలో దాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి, సుమారు 950 నుంచి 1000 డిగ్రీల దగ్గర కరిగించి, స్టీల్ డబ్బాల్లో పోస్తారు.

ఇక చల్లార్చడం. ఫాస్ట్‌గా చల్లారిస్తే పైభాగం ముందే గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ లాగులాటకి పగుళ్లొస్తాయి. పగుళ్లు పెరిగేకొద్దీ, ఎప్పుడైనా నీళ్లు తగిలితే కరిగే ఉపరితలం పెరుగుతుంది.

పోనీ మెల్లగా చల్లారిస్తే? స్ఫటికాలు పెరుగుతాయి. అన్నీ చెడ్డవి కావు. స్పినెల్ వస్తే గాజు మన్నికకి పెద్ద నష్టం లేదు. నెఫిలిన్ వస్తేనే తలనొప్పి. గాజుకి బలమిచ్చే అల్యూమినియం, సిలికాన్‌ని అది లాగేసుకుంటుంది. మిగిలిన గాజు నీళ్లలో తొందరగా కరుగుతుంది.

అసలు చిక్కేంటంటే, ఒకే డబ్బాలో ఈ రెండూ జరుగుతాయి. అమెరికాలోని సవన్నా రివర్ డబ్బా సుమారు 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు. అంచు త్వరగా చల్లారుతుంది, మధ్యభాగం చాలా ఆలస్యంగా. దాన్ని మనం తొందరపెట్టలేం. అందుకే ఇంజనీర్లు ల్యాబ్ కొలిమిలో గాజు నమూనాని సరిగ్గా ఆ మధ్యభాగం స్పీడ్‌లోనే చల్లారుస్తారు. తర్వాత పొడి చేసి, 90 డిగ్రీల నీళ్లలో 7 రోజులు ఉంచి, ఎంత కరిగిందో కొలుస్తారు. మన సాఫ్ట్‌వేర్ భాషలో వర్స్ట్ కేస్ టెస్టింగ్ అన్నమాట! ఫెయిలైతే మార్చేది గాజు రెసిపీని.

ఎందుకింత జాగ్రత్త? సీజియం-137, స్ట్రాన్షియం-90 అర్ధాయువు దాదాపు 30 ఏళ్లు. అవి వెయ్యో వంతుకి తగ్గడానికే 300 ఏళ్లు పడుతుంది. ఇంకా ఎక్కువకాలం ఉండేవీ ఆ గాజులో ఉంటాయి. చల్లారే ఆ కొన్ని గంటలే వందల ఏళ్ల భద్రతని నిర్ణయిస్తాయి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.