మలక్‌పేట రేసుకోర్సు

మలక్‌పేట రేసుకోర్సు హైదరాబాదు నగరంలోని గుర్రపు పందేల మైదానం. దీనిని హైదరాబాద్ రేస్ క్లబ్ నిర్వహిస్తున్నది. 2018లో ప్రారంభమైన అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గంలో మలక్‌పేట స్టేషను దిల్‌సుఖ్‌నగర్ నుండి మూడవది, ఎల్.బి.నగర్ నుండి ఆరవది.

చరిత్ర

హైదరాబాదు సంస్థానంలో పందేలు 1868లో మౌలాలిలో మొదలైనవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో వీటిని మలక్‌పేటలోని ఆస్మాన్‌గఢ్ ప్యాలెస్ సమీపానికి మార్చాడు. 1911లో ఆయన మరణించిన తరువాత పందేలు సికింద్రాబాదు పరేడ్ మైదానానికి తరలినవి. 1961లో రేస్ క్లబ్ ఏర్పడినది. 1968లో పందేలు తిరిగి మలక్‌పేటకు వచ్చినవి.

పందేలు

వర్షాకాలంలోను, శీతాకాలంలోను పందేలు జరుగుతాయి. వీటిలో దక్కన్ డెర్బీ ప్రసిద్ధమైనది. హ్యాండిక్యాప్ పందేలలో మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు నిర్ణయిస్తారు. జాకీ, జీను కలిపినా ఆ బరువుకు తక్కువైతే సీసపు పలకలు చేరుస్తారు. అన్ని గుర్రాలకూ గెలిచే అవకాశం దాదాపు సమానంగా ఉండాలన్నది దీని ఉద్దేశం.

జూదమా, నైపుణ్యమా?

గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన క్రీడ అని, అది జూదం కాదని 1996లో కె.ఆర్.లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. గుర్రపు వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం వంటివి ఫలితాన్ని నిర్ణయిస్తాయని పేర్కొన్నది. అయితే చట్టసమ్మతమైనంత మాత్రాన పందెం లాభసాటి కాదు. టోటలైజేటరు పద్ధతిలో పందెం కాసినవారి సొమ్మంతా ఒకచోట చేర్చి, క్లబ్బు కమీషను, పన్ను మినహాయించి, మిగిలినదే గెలిచినవారికి పంచుతారు. కాబట్టి కాసినవారందరికీ కలిపి తిరిగి వచ్చేది, వారు పెట్టినదానికన్న ఎప్పుడూ తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుండి పందేలపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 40 శాతానికి పెరిగినది.